ఆవకాయ పౌచ్: ప్రింటింగ్ సిలిండర్ ఆర్డరిచ్చే ముందు

ఒడిశాలోని బరంపురంలో ఇంట్లో చేసే ఆవకాయకి సొంత పేరుతో ప్రింటెడ్ పౌచ్ కావాలి, డిజైన్ ఎవరిచేత చేయించాలని అడిగారు కదండీ. నన్నడిగితే ఇప్పుడే ప్రింటింగ్ వద్దు. ప్లెయిన్ పౌచ్‌లు కొని, స్టిక్కర్ వేసి ఒక వర్షాకాలం అమ్మి చూడండి. పర్లాకిమిడిలో మేం అలాగే మొదలుపెట్టాం.

పౌచ్ ప్రింటింగ్‌లో రంగుకో సిలిండర్, అంటే డిజైన్ చెక్కిన లోహపు రోలర్, చేయించాలి. ఆ డబ్బు ముందే పెట్టాలి, పైగా ప్రింటు వేసిన ప్లాస్టిక్ రోల్ కిలోల లెక్కన కనీసం ఇంత తీసుకోవాల్సిందే అంటారు. రేపు వ్యాపారం పెరిగి, ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ చిన్నవాళ్లకిచ్చే రిజిస్ట్రేషన్ నుంచి స్టేట్ లైసెన్సుకి మారితే, పౌచ్ మీద వేసే 14 అంకెల నంబరే మారిపోతుంది. స్టిక్కరైతే చించి పారేస్తాం, సిలిండర్‌ని ఏం చేస్తాం?

ఊరగాయకి అసలు తలనొప్పి నూనె. గరిటెతో నింపుతుంటే మూతి లోపలివైపు సన్నగా పూసుకుంటుంది, కంటికి ఆనదు. దాని మీదే సీల్ వేస్తే అతుక్కున్నట్టే ఉంటుంది గానీ, బస్సు పార్సిల్లో శ్రీకాకుళం చేరేసరికి అట్టపెట్టె అడుగంతా ఎర్రగా ఉంటుంది. వెడల్పు గరాటు పెట్టి నింపండి. సీల్ చేసిన నాలుగైదింటిని న్యూస్‌పేపర్ మీద బోర్లించి, పైన బియ్యం మూట పెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున కాగితం మీద మరక కనిపిస్తే ఆ పౌచో, మీ సీలర్ వేడో సరిపోలేదన్నమాట.

మెరుస్తోందని అల్యూమినియం ఫాయిల్ పౌచ్ అంటగడతారు, తీసుకోకండి. లోపలి పొరకి చిల్లు పడితే ఉప్పు, పులుపు కలిసి ఫాయిల్‌ని తినేస్తాయి. మధ్యలో నైలాన్ పొర ఉన్నది అడగండి. రేటెక్కువే, కానీ టెంక గుచ్చుకున్నా అంత తేలిగ్గా చిల్లు పడదు. మూడో రోజు తిరగగలిపి, బాగా ఊరాకే కట్టండి, లేదంటే పౌచ్ ఉబ్బుతుంది.

స్టిక్కర్ డిజైన్‌కి పెళ్లి కార్డులు వేసే ప్రెస్సు చాలు. పేరు తెలుగులోనూ ఒడియాలోనూ వేయించండి, మన సంతలకి ఇద్దరూ వస్తారు. తప్పనిసరి వివరాలు మాత్రం ఇంగ్లీషులోనో, దేవనాగరి హిందీలోనో ఉండాలి: బరువు తగ్గే వరుసలో పదార్థాలు, నికర బరువు, చతురస్రంలో పచ్చచుక్క, పన్నులన్నీ కలిపిన ఎమ్మార్పీ, బ్యాచ్, తేదీలు, మీ చిరునామా, ఇంకా పోషక విలువల పట్టిక. తేదీ ముద్రకి నునుపు లేని చోటు కాస్త వదలమనండి, నూనె చేయి తగిలితే స్టాంపు ఇంకు చెరిగిపోతుంది.

బార్‌కోడ్‌కి ఇప్పుడే డబ్బు పోయకండి. కిరాణా కొట్లలో ఎవరూ అడగరు, సూపర్‌మార్కెట్ వాళ్లు సరుకు తీసుకుంటామన్నప్పుడు చూసుకోవచ్చు.