పార్టీలంటే విసుగున్నా విజయవాడ, గుంటూరుల్లో నోటాకు ఓట్లెందుకు పడవు?

నోటా నొక్కితే పోటీ ఆగదు కనుక. సుప్రీంకోర్టు తీర్పుతో 2013లో ఆ మీట వచ్చింది. అభ్యర్థులందరికన్నా దానికే ఎక్కువ ఓట్లు పడినా, అభ్యర్థుల్లో ముందున్నవారే ఎమ్మెల్యే అవుతారు. ఈ సంగతి మన ఓటరుకు బాగా తెలుసు.

మన దగ్గర విసుగు ఇంట్లో కూర్చోదు, వరుసలో నిలబడి మరీ దించేస్తుంది. 2019లో 175కి 151 స్థానాలిచ్చిన పార్టీకే 2024లో 11 మిగిల్చారు. పోలింగ్ 80 శాతం దాటింది. దాన్ని గెలిచినవారి మీద ప్రేమ అనుకుంటే పొరపాటే, నా లెక్కలో సగం అవతలివాళ్ల మీద కోపం.

అసలు నమ్మకం ఎక్కడ సడలిందో చూడాలంటే కృష్ణ ఒడ్డున రాజధాని ఊళ్లకు వెళ్లాలి. రైతులు 33 వేల ఎకరాలకు పైగా భూసమీకరణకు, అంటే పొలానికి బదులు ప్లాట్లు తీసుకునే పద్ధతిలో, ఇచ్చారు. 2015లో శంకుస్థాపన జరిగింది. 2019 చివర్లో మూడు రాజధానులన్నారు, 2024 తర్వాత మళ్లీ అమరావతే అన్నారు. ఈలోగా ప్లాటు కాగితం చేతిలో ఉంది, ప్లాటు మాత్రం ఏళ్లపాటు తుమ్మచెట్ల మధ్య ఎక్కడో ఉండిపోయింది.

దానికి తోడు కండువాలు మార్చడం. 2024లో విజయవాడ లోక్‌సభ స్థానంలో కేశినేని అన్నదమ్ములే ఎదురెదురుగా నిలబడ్డారు. అన్న అంతకుముందు రెండుసార్లు గెలిచింది తమ్ముడు నిలబడిన పార్టీ నుంచే!

మూడో పార్టీ మాటంటారా? అభ్యర్థి ఖర్చు, బూత్ ఏజెంట్లు, కుల సమీకరణ, ఈ మూడూ కుదిరే సరికి అదీ పొత్తులోకే వెళ్తోంది.