కాలు వంకరున్న బాతుపిల్ల బతుకుతుందా? మా ఇంట్లో ఒకటి ఆరేళ్లుగా ఉంది

మీ బాతుపిల్లకి మూడు వారాలనీ, ఎడమకాలు పక్కకి తిరిగిపోయి పొట్ట మీద పాకుతోందనీ, ఇంట్లో వాళ్లు "ఇంకెందుకది, వండేద్దాం" అంటున్నారనీ రాశారు. మేత నూకలూ, మిగిలిన అన్నమూ అని కూడా రాశారు. ఆ మాట చదివి ఇది రాయడానికి కూర్చున్నాను. నేనూ అచ్చం అదే పెట్టాను.

మాది రాజాం దగ్గర పల్లె. 2022 దాకా శ్రీకాకుళం జిల్లా వాళ్లం, ఇప్పుడు విజయనగరం వాళ్లం. మా అత్తగారు మాత్రం ఇంకా ఒప్పుకోలేదు. ఆరేళ్ల కింద సంతలో ఐదు బాతుగుడ్లు కొని మా కోడిపెట్ట కింద పెట్టాం. కోడిగుడ్డు 21 రోజులకి పిల్లవుతుంది, బాతుగుడ్డుకి 28 రోజులు పడుతుంది. ఆ చివరి వారం పెట్టకి విసుగొచ్చి గూటిలోంచి లేచి తిరగడం మొదలెట్టింది. మొత్తానికి మూడు పిల్లలయ్యాయి. మూడోది ముప్పయ్యో రోజున, మేమే పెంకు కొంచెం కొంచెం వలిస్తే బయటపడింది. అదే మా బుజ్జమ్మ.

పిల్లల్ని అట్టపెట్టెలో పాత పేపర్లు పరిచి పెట్టాను. పేపరు మీద వాటి కాళ్లకి పట్టు దొరకదని నాకేం తెలుసు! మిగతా రెండూ ఎలాగో నిలదొక్కుకున్నాయి. బుజ్జమ్మ మాత్రం రెండో రోజుకే కాళ్లు చెరోవైపుకి జారిపోయి కప్పలా పడుంది. పేపరు తీసేసి గోనెపట్టా వేశాం. దెబ్బలకి వేసే ప్లాస్టరు సన్నగా కత్తిరించి, రెండు కాళ్లకీ చుట్టి, మధ్యలో మామూలుగా నిలబడితే ఎంత ఎడం ఉంటుందో అంత వదిలి కట్టాం. రోజూ విప్పి, ఒరుసుకుందేమో చూసి, మళ్లీ కట్టడమే. కట్టు ఉన్నన్నాళ్లూ నీళ్ల గిన్నె లోతు లేనిది పెట్టాలి, లేకపోతే బోల్తాపడి మునిగిపోతుంది. ఐదో రోజుకి కుడికాలు దారికొచ్చింది. ఎడమది రాలేదు.

మూడో వారంలో ఎడమకాలి కీలు రేగుపండంత వాచింది. మనకి మోకాలు వెనక్కి మడిచినట్టు కనిపిస్తుంది చూడండి, ఆ కీలు. నిజానికి అది దాని చీలమండ. ఊళ్లో చూపిస్తే ఒకాయన నవ్వి "కోసుకోవడమేనమ్మా" అన్నారు. ఇంకో డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఆయన నా వేలు పట్టుకుని కీలు వెనక పెట్టించారు. మంచి కాలికి అక్కడ గాడిలో బిగుతుగా తాడులాంటి నరం (కండరాన్ని ఎముకకి కట్టే టెండన్) తగులుతుంది. చెడ్డ కాలికి వెనకంతా చదును, ఆ తాడు పక్కకి జారి ఉంది. జారిన కొత్తలో అయితే డాక్టర్లు దాన్ని తిరిగి గాడిలోకి నెట్టి కట్టు కట్టగలరు. మేం వెళ్లేసరికి ఎముకే మెలి తిరిగిపోయింది. "ఆలస్యం చేశారు" అని మాత్రం అన్నారు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

కారణం మేత. బాతుపిల్లకి కోడిపిల్ల కంటే నియాసిన్, అంటే బి3 విటమిన్, చాలా ఎక్కువ కావాలి. అది తగ్గితే కాళ్లు విల్లులా వంగుతాయి, కీళ్లు వాస్తాయి. మాంగనీసు, కోలిన్ అనే పోషకాలు తగ్గినా నరం ఇలాగే జారుతుంది. పాలిష్ పట్టిన బియ్యంలోనూ నూకల్లోనూ ఉండాల్సింది చాలావరకు మిల్లులో తవుడుతోపాటే పోతుంది. పోనీ తవుడు పెడదామంటే, అందులో నియాసిన్ ఉన్నా ఎక్కువ భాగం వాటికి ఒంటబట్టదు. కోడిపిల్లల మేత కూడా చాలాసార్లు బాతుపిల్లకి చాలదు. అందుకని మేం గ్లాసు మేతకి ఒక చెంచా బ్రూవర్స్ ఈస్ట్ (బీరు తయారీలో వాడే ఈస్టు) పొడి కలిపాం, దానికి తోడు ఉడికించిన చిన్నచేపలు, గెడ్డలో (వాగులో) దొరికే నత్తలు. మీ పిల్లకి వాపు ఇప్పుడే మొదలైతే ఇది ఈ రోజే మొదలెట్టండి, డాక్టరు దగ్గరికి వెళ్లేదాకా ఆగొద్దు. వేరుశనగ చెక్క మంచిదని ఎవరో ఒకరు చెబుతారు. మంచిదే కానీ వానాకాలంలో దానికి బూజు పడుతుంది, ఆ బూజులోని అఫ్లాటాక్సిన్ విషానికి బాతుపిల్లలు అస్సలు తట్టుకోలేవు. నేను దాని జోలికి పోను.

ఇక కాలు వంకరగానే ఉండిపోతే ఎలా అంటారా? ఇక్కడ నేను చేసిన రెండో తప్పు చెబుతాను. ఏడాదిపాటు నా కళ్లన్నీ ఆ ఎడమకాలి మీదే. నూనె రాయడం, మర్దనా, అదీ ఇదీ. బరువంతా మోస్తున్నది కుడికాలని తట్టలేదు. ఒకరోజు తొట్టిలోంచి ఎత్తి పాదం తిరగేస్తే అరికాలి మధ్య మిరియపు గింజంత నల్లటి పొక్కు, చుట్టూ వేడి. గోరుచుట్టు మీద రోకటిపోటు. పసుపూ వేపనూనే రాస్తూ పది రోజులు గడిపాను. అది పైపుండు కాదు, లోపల చీము గట్టిపడి ఉందట. డాక్టరు దాన్ని తీసి, యాంటీబయాటిక్ రాసి, రోజూ గోరువెచ్చటి నీళ్లలో పాదం నానబెట్టి కట్టు మార్చమన్నారు. మానడానికి నెలన్నర పట్టింది. ఆ నెలన్నర అది అసలు నిలబడలేదు. అప్పటినుంచి మా ఇంట్లో పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టకముందే బుజ్జమ్మ కుడి అరికాలు చూడటం ఆచారం. మీరూ బాగున్న కాలిమీదే కన్నేసి ఉంచండి.

అది తిరిగే చోట సిమెంటు గచ్చు వద్దు. వరిగడ్డి మెత్తగా ఉంటుందని వేస్తాం, తడిస్తే రెండు రోజుల్లో బూజు పట్టి ఊపిరితిత్తులకి చేటు. నేను ఏటి ఇసుక జానెడు మందం పోసి పైన గోనెపట్టా వేస్తాను, పట్టా రోజూ మారుస్తాను. పొట్ట మీద కూర్చునే బాతుకి రొమ్ము ఎముక దగ్గర ఈకలు అరిగి పుండు పడుతుంది, అక్కడ కూడా చేత్తో తడిమి చూడాలి. లావెక్కనివ్వకూడదు. జాలిపడి మనం పెట్టే ప్రతి పిడికెడూ ఆ ఒక్క కాలే మోయాలి.

మా బాబు బొమ్మకారు చక్రాలతో దానికి బండి కట్టాడు. బండిని చూసి బుజ్జమ్మ రెండు రోజులు మేత మానేసింది. ఆ ప్రయోగం అంతటితో సరి.

దానికి నిజంగా పనికొచ్చింది నీళ్లు. నేలకి సమంగా ప్లాస్టిక్ తొట్టి పాతి, దిగడానికి ఇటుకల వాలు కట్టాం. నీళ్లలో కాలిమీద బరువుండదు కదా. మొదట్లో ఒక్క కాలితోనే తోసుకోవడంతో గానుగెద్దులా గుండ్రంగా తిరిగేది. మా అత్తగారు గట్టున కూర్చుని "ఓలమ్మా, ఇదేటే, ఈత కొడతందా గింగిరాలు తిరుగుతందా" అని నవ్వేవారు. నెల తిరిగేసరికి తోకని ఒక పక్కకి వంచి, చుక్కాని పట్టినట్టు తిన్నగా పోవడం నేర్చుకుంది. ఇప్పటికీ బయటికొచ్చాక ఒంటికాలి మీద ఆగలేక తోక మొదట్లో ఉండే నూనె గ్రంథిని ముక్కుతో సరిగా అందుకోలేదు. ఆ నూనె పట్టకపోతే ఈకలు నీళ్లు పీల్చేస్తాయి, చలికి వణికిపోతుంది. అందుకే ఇరవై నిమిషాలకే తీసి పాత తువ్వాలుతో తుడిచి ఎండలో పెడతాను. మీ పిల్లకింకా నూగే కాబట్టి ఐదు నిమిషాలు, గోరువెచ్చటి నీళ్లలో, మీ చెయ్యి పొట్ట కింద ఉంచి ఆడించండి. మేత పక్కనే ముక్కు మునిగేంత లోతున్న గిన్నెలో నీళ్లు ఎప్పుడూ ఉండాలి. నీళ్లు లేకుండా తింటే మేత గొంతుకి అడ్డం పడుతుంది.

పోతుబాతుతో కలిపి ఉంచకండి. కుంటిదాని మీదకెక్కి ఉన్న కాలు కూడా విరగ్గొడుతుంది. మా పోతుని బొబ్బిలిలో చుట్టాలకి ఇచ్చేశాం. రెండో ఆడబాతు దీనికి తోడుంది. ఒంటరిగా ఉంచితే రోజంతా అరుస్తూనే ఉంటాయి.

మనుషులకి వాడే నొప్పి మాత్రలు ముక్క చేసి వేస్తే నొప్పి పోతుందని ఎవరైనా చెబితే వినొద్దు. డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు వేసిన పశువుల కళేబరాలు తిని రాబందులు చచ్చిపోతున్నాయని 2006లోనే పశువులకి దాన్ని వాడకుండా నిషేధించారు. ఏ మందైనా డాక్టరు బరువు చూసి చెప్పాకే. 1962కి ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం గురించి చెబుతారు. గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, మీ నరసన్నపేట నుంచి దూరమే అయినా పెద్ద సమస్యైతే అక్కడికి తీసుకెళ్లడం మంచిది.

వండేద్దామన్న మాటకొస్తే, మా ఇంట్లోనూ ప్రతి కనుమకీ ఆ మాట వచ్చేది. నేను పోట్లాడలేదు, అది గుడ్లు పెట్టడం మొదలెట్టాక వాళ్లే మానేశారు. కాకపోతే ఒక్కటి. తిండి ముట్టక, కళ్లు సగం మూసుకుని, నీళ్లలో పెట్టినా కదలకుండా రోజుల తరబడి ఉంటే అది బాధ పడుతున్నట్టే. అప్పుడు డాక్టరుని నిజం చెప్పమని అడగండి. మీది పాకుతూనైనా మేతకి ముందుగా వస్తోందని రాశారు కాబట్టి నాకైతే ఆశ ఉంది.

ఈ రాత్రే రెండు కాళ్ల కీళ్ల వెనకా వేలితో నిమిరి చూడండి. తాడు గాడిలో ఉందా, పక్కన తగులుతోందా? వెనకవైపు నుంచి ఒక ఫొటో కూడా తీసి పెట్టండి.