న్యూరోమార్ఫిక్ చిప్‌లనే నమ్ముకుని ఎం.టెక్ చేయొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి కడపలో ఈసీఈ మూడో సంవత్సరం. మెదడు తరహాలో పనిచేసే న్యూరోమార్ఫిక్ చిప్‌ల మీదే ఎం.టెక్ చేస్తానంటోంది. బంధువులంతా సాఫ్ట్‌వేర్ వైపు పంపమంటున్నారు. ఈ చిప్‌లకు నిజంగా మార్కెట్ ఉందా? – ఓ తండ్రి, ప్రొద్దుటూరు

జవాబు: ఉంది, కానీ చిన్నది. దాని ఒక్కదాని మీదే చదువంతా పెట్టొద్దంటాను. అలాగని ఈసీఈ వదిలి సాఫ్ట్‌వేర్‌లోకి దూకమనీ చెప్పను.

ఈ చిప్ ఎవరికి కావాలో ముందు చూద్దాం. రాత్రిళ్లు చేల మీద అడవి పందులు పడడం మీరు వినే ఉంటారు. గట్టు మీద బ్యాటరీతో నడిచే కెమెరా పెట్టారనుకోండి. గంటల తరబడి అక్కడ ఏమీ కదలదు. మామూలు ఏఐ చిప్ మాత్రం ఆ ఖాళీ చేనునే మళ్లీ మళ్లీ చూసి, ప్రతిసారీ మొదటినుంచీ లెక్క కడుతుంది. బ్యాటరీ దిగిపోతుంది. న్యూరోమార్ఫిక్ చిప్‌కు ఈవెంట్ కెమెరా జత చేస్తే, వెలుతురు మారిన చోటే చిన్న సంకేతం (స్పైక్) పుడుతుంది. ఆ కాస్తకే లెక్క. నిత్యం మెలకువగా ఉండాలి, జరిగేది మాత్రం ఎప్పుడో ఒకసారి: ఇలాంటి పనులకే ఇది సరిపోతుంది. చేతి పట్టీలో గుండె లయను గమనించడం, మోటారు అదురులో తేడా పట్టడం లాంటివి.

ఇప్పుడు ఆ కెమెరాను అమ్మకానికి పెట్టండి. వేడి శరీరం కదిలితే పసిగట్టే చవక పీఐఆర్ సెన్సర్ ఒకటి బిగించి, అది లేపినప్పుడే మామూలు కెమెరా పనిచేసేలా చేస్తే రైతుకు దాదాపు అదే ఫలితం. ఆయన ఏది కొంటాడు? పైగా గాలికి ఆకులు ఊగినా ఈవెంట్ కెమెరాకు అది కదలికే. ఈ రంగానికి అసలు పోటీ ఇలాంటి ‘సరిపోతుందిలే’ అనిపించే చవక పరికరాలతోనే.

ఐబీఎం 2014లో తెచ్చిన ట్రూనార్త్ చిప్‌లో మెదడు కణాలను పోలిన పది లక్షల కృత్రిమ న్యూరాన్లు, కరెంటు వాడకం సుమారు 70 మిల్లీవాట్లు. చాలా గొప్పగా చెప్పుకున్నారు, మార్కెట్లో మాత్రం నిలబడలేదు. అదే కంపెనీ 2023లో చూపిన నార్త్‌పోల్‌లో ఆ స్పైక్‌ల పద్ధతే లేదు. ఇంటెల్ వారి లోయిహి చిప్ 2017 నుంచీ ఎక్కువగా పరిశోధకుల చేతుల్లోనే ఉంది. అమ్మకానికి దిగినవి చిన్న కంపెనీలు: ఆస్ట్రేలియాకు చెందిన బ్రెయిన్‌చిప్, నెదర్లాండ్స్‌కు చెందిన ఇన్నటెరా. ఇన్నటెరా 2025లో తెచ్చిన పల్సర్‌లో స్పైకింగ్ భాగం పక్కనే మామూలు రిస్క్-ఫైవ్ ప్రాసెసర్ కూడా ఉంది. ఈ రంగం ఇటువైపే వెళ్తుందని నా అంచనా: విడి చిప్‌గా కాక, మామూలు చిప్‌లో ఒక మూలగా. అది డిజైన్ చేసేది వీఎల్ఎస్ఐ, అంటే చిప్ డిజైన్, గట్టిగా తెలిసినవాళ్లే.

అందుకే అమ్మాయిని డిజిటల్ డిజైన్, చిప్ డిజైన్ రాసే వెరిలాగ్ భాష, సీ ప్రోగ్రామింగ్ మీద పట్టు సాధించమనండి. గేట్ రాయనివ్వండి. వీఎల్ఎస్ఐ లేదా ఎంబెడెడ్ సిస్టమ్స్‌లో ఎం.టెక్ చేసి, న్యూరోమార్ఫిక్‌ను థీసిస్ అంశంగా పెట్టుకుంటే రెండు తలుపులూ తెరిచే ఉంటాయి. బెంగళూరు ఐఐఎస్సీలో ఎలక్ట్రానిక్ సిస్టమ్స్ విభాగం ఈ పరిశోధన చేస్తోంది, ప్రొద్దుటూరుకు మరీ దూరమూ కాదు. డబ్బు కట్టించుకునే ‘న్యూరోమార్ఫిక్ సర్టిఫికెట్’ కోర్సుల జోలికి మాత్రం పోవద్దు. స్పైకింగ్ మోడళ్లు రాసుకునే ఎస్ఎన్ఎన్‌టార్చ్ అనే సాఫ్ట్‌వేర్ లైబ్రరీ ఉచితంగానే దొరుకుతుంది.

నాలుగో సంవత్సరం ప్రాజెక్టుకు బోరు మోటారు అదురును తీసుకోమనండి. మోటారు చెడే ముందు వచ్చే తేడాను ఒక చిన్న మైక్రోకంట్రోలర్ మీద మామూలు మోడల్‌తో పట్టించాలి. అదే పనికి స్పైకింగ్ మోడల్ కూడా రాసి, దేనికి ఎన్ని లెక్కలు పడ్డాయో, బోర్డు ఎంత కరెంటు తాగిందో కొలిచి రాసుకోవాలి. స్పైకింగ్ మోడల్ ఓడిపోయినా ఫర్వాలేదు, ఎందుకు ఓడిందో ఇంటర్వ్యూలో చెప్పగలగాలి. ఒకవేళ గేట్ ర్యాంకు కుదరకపోతే, ఈ ప్రాజెక్టుతోనే హైదరాబాద్, బెంగళూరుల్లో ఎంబెడెడ్ ఉద్యోగాలకు దరఖాస్తు చేసుకోవచ్చు.