గర్భం రాకుండా ప్యాచ్ పెట్టుకోమంటున్నారు, పెట్టుకోవచ్చా? (పాఠకుల ప్రశ్నలు – డాక్టరమ్మ జవాబులు)

ప్రశ్న: డాక్టర్ గారూ నమస్తే. మాది గుంటూరు, ఇప్పుడు టెక్సాస్‌లో ఫ్రిస్కోలో ఉంటున్నాం. నాకు 31, బాబుకి రెండున్నరేళ్లు, పాలు మానేసి చాలా రోజులైంది. ఇంకో మూడేళ్లదాకా రెండో బిడ్డ వద్దనుకుంటున్నాం. పిల్ వాడుతున్నా కానీ ఆఫ్‌షోర్ కాల్స్ వల్ల పడుకునే టైమూ లేచే టైమూ ఒక పద్ధతిలో ఉండవు, నెలలో రెండు మూడు మర్చిపోతా, ఇక పిరియడ్ వచ్చేదాకా టెన్షనే. ఇక్కడి డాక్టర్ ప్యాచ్ వాడమంటోంది, వారానికోసారి అతికించుకుంటే చాలంట. మా అమ్మేమో ఒంటికి అతికించుకునే మందేంటే, రెండోది కూడా కనేసి ఆపరేషన్ చేయించేసుకో అంటుంది. నా హైట్ 5 అడుగుల 3 అంగుళాలు, బరువు 66 కేజీలు, బీపీ నార్మల్, సిగరెట్ అలవాటు లేదు. ఇంకోటి, మా పెద్దమ్మకి ఎప్పుడో కాలు వాచి రక్తం గడ్డకట్టిందని చాన్నాళ్లు మందులు వాడింది, దానికీ దీనికీ సంబంధం ఉందో లేదో తెలీదు. డిసెంబర్‌లో ఇండియా వస్తున్నాం. మంచీ చెడూ రెండూ చెప్పండి.

జవాబు: అమ్మా, సంబంధం ఉందో లేదో అంటూ చివర్లో రాశారే పెద్దమ్మ సంగతి, నేను అక్కడే మొదలుపెడతా, మీ లెటర్ మొత్తంలో నాకు అన్నిటికన్నా ముఖ్యం అదే. ఈ ముక్క అక్కడి డాక్టర్‌కి చెప్పారా? చెప్పకపోతే ప్యాచ్ మొదలుపెట్టకముందే చెప్పండి, ఫామ్‌లో ఫ్యామిలీ హిస్టరీ అన్నచోట షుగరూ బీపీ రాసి వదిలేస్తారు మనవాళ్లు, కాలిలో గడ్డ అనేది ఎవరికీ గుర్తురాదు. ఈరోజే అమ్మకి ఫోన్ చేసి అడగండి, పెద్దమ్మకి అది ఏ వయసులో వచ్చింది, ఆపరేషన్ అయ్యాకో కాన్పు అయ్యాకో వచ్చిందా లేక ఏ కారణం లేకుండా వచ్చిందా, అమ్మకి గానీ మామయ్యలకి గానీ ఎవరికైనా అలా అయ్యిందా. అరవై దాటాక మోకాలి ఆపరేషన్ చేయించుకుని నెలరోజులు మంచంమీద ఉంటే వచ్చింది అంటే అది ఒక కథ. ముప్పైల్లో ఊరికే వచ్చింది, అమ్మకి కూడా ఒకసారి అలాగే అయ్యింది అంటే అది పూర్తిగా వేరే కథ, అప్పుడు రక్తం తొందరగా గడ్డకట్టే గుణం ఇంట్లో ఉందేమో అని చూడాలి, ప్రోటీన్ సీ, ప్రోటీన్ ఎస్ లాంటి టెస్టులు అవసరమా కాదా అనేది డాక్టర్ చెప్తారు.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే, ప్యాచ్ అంటే కొత్తరకం మందు కాదమ్మా. మీరు మింగే పిల్‌లో ఉండే రెండు రకాల హార్మోన్లే, ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్, నోట్లోంచి కాకుండా చర్మంలోంచి రక్తంలోకి వెళ్తాయి, అండం విడుదల కాకుండా ఆపుతాయి. (మీది రెండు హార్మోన్ల పిల్లే అనుకుని రాస్తున్నా, కొన్ని పిల్స్‌లో ప్రొజెస్టిన్ ఒక్కటే ఉంటుంది, అట్ట మీద చూసుకోండి.) చర్మం మీదే కదా, లోపలికి పోదు కదా అని చాలామంది ధైర్యం, అది తప్పు. అమెరికాలో మొదటి ప్యాచ్ ఆర్థో ఎవ్రాకి 2001లో పర్మిషన్ వచ్చింది, 2005లో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దాని లేబుల్ మార్పించింది, 35 మైక్రోగ్రాముల ఈస్ట్రోజన్ ఉన్న పిల్‌తో పోలిస్తే ప్యాచ్ వాడేవాళ్ల శరీరానికి మొత్తంమీద సుమారు 60 శాతం ఎక్కువ ఈస్ట్రోజన్ అందుతుందని. పిల్ అయితే వేసుకున్నాక ఒకసారి పెరిగి తర్వాత తగ్గుతుంది, ప్యాచ్ అలా కాదు, పగలూ రాత్రీ ఒకే మట్టంలో ఇస్తూనే ఉంటుంది, పైకి ఎగబాకడం తక్కువే గానీ మొత్తం లెక్క చూస్తే ఎక్కువ. ఈస్ట్రోజన్ ఎక్కువైతే కాళ్లలో గడ్డ కట్టే రిస్క్ పెరుగుతుంది, ఆ గడ్డ ఊపిరితిత్తులకి చేరితే ప్రాణం మీదకి వస్తుంది.

అలాగని హడలిపోకండి, అంకెలు చూడండి. యూరప్ మందుల ఏజెన్సీ 2013లో చెప్పిన లెక్క ఇది. ఏ హార్మోనూ వాడని, కడుపుతో లేని 10,000 మంది ఆడవాళ్లలో ఏడాదికి ఇద్దరికి గడ్డ కడుతుంది, లీవోనార్జెస్ట్రెల్ అనే ప్రొజెస్టిన్ ఉన్న పాత రకం పిల్ వాడితే 5 నుంచి 7 మందికి, ఈ ప్యాచ్ అయితే 6 నుంచి 12 మందికి. కడుపుతో ఉన్నప్పుడూ కాన్పయిన కొత్తల్లోనూ రిస్క్ దీనికంటే ఎక్కువే ఉంటుంది. అంటే మామూలు మనిషికి ఇది చిన్న రిస్కే, ఇంట్లో ఆ గుణం ఉన్నవాళ్లకి మాత్రం చిన్నది కాదు. అందుకే పెద్దమ్మ దగ్గర ఆగాను.

ఇప్పుడు మంచి సంగతులు, అవి కూడా నిజమైనవే. మీ అసలు బాధ మర్చిపోవడం, దానికి ప్యాచ్ బాగా పనికొస్తుంది. వారానికొకటి చొప్పున మూడు వారాలు, నాలుగో వారం ఏమీ పెట్టుకోరు, ఆ వారంలో పిరియడ్ వస్తుంది, మళ్లీ అదే రోజు కొత్తది. ఆదివారం అనుకుంటే ఎప్పుడూ ఆదివారమే, ఫోన్‌లో అలారం పెట్టుకుంటే సరిపోయింది. వాంతులూ విరేచనాలూ అయినా పిల్‌లాగా బయటికి పోయిందేమో అనే భయం లేదు. మధ్య వారాల్లో మార్చడం ఒకటి రెండు రోజులు లేటైనా, 48 గంటలు దాటనంతవరకు, వెంటనే కొత్తది పెట్టేస్తే సరిపోతుంది. మొదటి వారం ప్యాచ్ మాత్రం ఒక్కరోజు కూడా లేట్ చేయకూడదు, చేస్తే ఏడు రోజులు కండోమ్ తప్పదు. ఊడిపోయి 24 గంటలు దాటినా అదే పద్ధతి, కొత్తగా మొదలుపెట్టి ఏడు రోజులు కండోమ్. పక్కాగా వాడితే ఏడాదికి 100 మందిలో ఒక్కరికి కూడా గర్భం రాదు, కానీ మామూలు మనుషులు మామూలుగా వాడే తీరులో 100 మందిలో ఏడుగురికి వస్తుంది, పిల్‌కీ అదే అంకె. సుఖవ్యాధుల నుంచి మాత్రం రెండూ కాపాడవు.

బరువు సంగతి కూడా చూసుకోవాలి. మీ హైటుకి 66 కేజీలంటే బీఎంఐ, అంటే ఎత్తుకి తగ్గ బరువు ఉందా అని చూసే కొలత, 26కి దగ్గర్లో ఉంది. జూలేన్, జాఫెమీ అని ఇప్పుడు అక్కడ ఇచ్చేవి పాత ఆర్థో ఎవ్రా మందే, బీఎంఐ 30 దాటితే వాటిని వాడకూడదు, మీకు ఆ ఇబ్బంది లేదు. 2020లో ట్విర్లా అని ఇంకోటి వచ్చింది, దాంట్లో ఈస్ట్రోజన్ కాస్త తక్కువ, కానీ బీఎంఐ 25 నుంచి 30 మధ్య ఉన్నవాళ్లలో దాని పనితనం తగ్గుతుందని లేబుల్ మీదే ఉంటుంది. మీరు ఆ మధ్యలో ఉన్నారు కాబట్టి ఏ పేరుది రాశారో తప్పకుండా అడగండి.

పెట్టుకునే చోటు గురించి అక్కడి డాక్టర్లు చెప్పని మాటొకటి చెప్తా. పొత్తికడుపు, పిరుదు, వీపు పైభాగం, జూలేన్ లాంటివైతే జబ్బకి బయటివైపు కూడా పెట్టొచ్చు, రొమ్ముల మీద వద్దు. నడుము దగ్గర లంగా బొందు గానీ జీన్స్ పట్టీ గానీ ఒరుసుకునే చోట పెడితే అంచు లేస్తుంది, చీర కట్టే రోజుల్లో ఇది బాగా తెలుస్తుంది. ఆ చోట కొబ్బరినూనె, బాడీ లోషన్, పౌడర్ ఏమీ ఉండకూడదు, తలంటుకి ఒళ్లంతా నూనె పట్టించే అలవాటుంటే ఆ చోటు వదిలేయండి, లేకపోతే అతుక్కోదు. స్నానం చేసినా ఈత కొట్టినా చెమట పట్టినా ఉంటుంది, పెట్టాక పది సెకన్లు అరచేత్తో గట్టిగా అదమాలి, రోజూ స్నానం తర్వాత అంచులు ఒకసారి తడిమి చూసుకోవాలి. రెండ్రోజులకే చుట్టూ బట్టల నూగు అంటుకుని నల్లటి గీతలా కనిపిస్తుంది, ఖంగారు పడకండి, తీశాక బేబీ ఆయిల్‌తో తుడిస్తే పోతుంది. దురద, ఎర్రబడటం చాలామందికి ఉంటుంది, ప్రతివారం చోటు మార్చండి. తీసేసినదాంట్లో ఇంకా హార్మోన్ మిగిలే ఉంటుంది, జిగురువైపు లోపలికి మడిచి చెత్తబుట్టలో వేయాలి, ఫ్లష్ చేయొద్దు, మీ బాబు చేతికి అస్సలు దొరకనీయొద్దు.

మొదటి రెండు నెలలు రొమ్ముల నొప్పి పిల్ కంటే ఎక్కువగానే ఉంటుంది, వికారం, తలనొప్పి, మధ్యమధ్యలో కొద్దికొద్దిగా రక్తం కనిపించడం (స్పాటింగ్) కూడా. మూడు నెలల్లో సర్దుకుంటాయి, అప్పటికీ తగ్గకపోతే భరించక్కర్లేదు, మార్చమని అడగండి.

డిసెంబర్ ప్రయాణం అన్నారు కాబట్టి, డాలస్ నుంచి హైదరాబాద్ అంటే దాదాపు రోజంతా సీట్లోనే. గడ్డ కట్టే రిస్క్ మొదటి కొన్ని నెలల్లోనే ఎక్కువ, మానేసి నెలపైన గ్యాప్ ఇచ్చి మళ్లీ మొదలుపెట్టినా అంతే. కాబట్టి నవంబర్‌లో మొదలుపెట్టి డిసెంబర్‌లో ఫ్లైట్ ఎక్కడం నాకు ఇష్టం లేదు, డాక్టర్ ఓకే అంటే ఇప్పుడే మొదలుపెట్టండి, లేదా తిరిగెళ్లాక. ఫ్లైట్‌లో గంటకోసారి లేచి నడవాలి, నీళ్లు తాగాలి. ఇక్కడ ఉండే రోజులకి సరిపడా ప్యాచ్‌లు తెచ్చుకోండి, మన మెడికల్ షాపుల్లో అడిగితే దొరికే వస్తువు కాదు. ఒక కాలు వాచినా, పిక్కలో నొప్పి పుట్టి తగ్గకపోయినా, ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీనొప్పి, ఎప్పుడూ లేనంత తలనొప్పి, చూపు మసకబారడం, మాట తడబడటం, వీటిలో ఏదొచ్చినా ప్యాచ్ తీసేసి ఎమర్జెన్సీకి వెళ్లండి. జెట్‌లాగ్ అనుకుని పడుకోవద్దు.

అమ్మ మాట గురించి. అమ్మని తప్పుపట్టకండి, ఆవిడ చుట్టూ చూసింది అదే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది ట్యూబెక్టమీ చేయించుకున్నవాళ్లే. ఇద్దరు పిల్లలు, ఆపరేషన్, మధ్యలో ఇంకేమీ లేదు. కానీ మూడేళ్లు ఆగాలనుకున్న మీకు ఆపరేషన్ జవాబు కాదు. పెద్దమ్మ సంగతి తేడాగా తేలితే ప్యాచ్, యోనిలో పెట్టుకునే హార్మోన్ రింగ్, రెండు హార్మోన్ల పిల్ మూడూ వదిలేయాల్సిందే, గర్భసంచిలో పెట్టే కాపర్ టీ గానీ హార్మోన్ ఐయూడీ గానీ అడగండి, నా సలహా అదే. మర్చిపోవడానికి అక్కడ ఏమీ ఉండదు, బిడ్డ కావాలనుకున్న నెలలో తీయించేసుకోవచ్చు. అమెరికాలో చాలా ఇన్సూరెన్స్‌లు వీటన్నిటికీ మీ జేబులోంచి పైసా లేకుండా కవర్ చేస్తాయి, ముందు ఫోన్ చేసి కనుక్కోండి.

ప్రశ్న: మేడమ్, మాది హైదరాబాద్, 26 ఏళ్లు, పెళ్లై ఏడాది. పిల్స్ రోజూ వేసుకోవాలంటే చిరాకు. మా కజిన్ న్యూజెర్సీ నుంచి వస్తోంది, ఆరు నెలలకి సరిపడా ప్యాచ్‌లు తెమ్మని చెప్పనా?

జవాబు: చెప్పొద్దమ్మా. అది అక్కడ ప్రిస్క్రిప్షన్ మీద ఇచ్చే మందు, ఆవిడ పేరు మీద రాసింది మీరు వాడకూడదు, మీ బీపీ ఎవరూ చూడకుండా అసలే వాడకూడదు. దురద వచ్చినా కాలు వాచినా ఇక్కడ మీకు చూసే డాక్టర్‌కి మీరు ఏం వాడారో కూడా సరిగ్గా తెలీదు. వారానికోసారి అయితే బాగుండు అనేదే మీ కోరిక అయితే అది మన దగ్గరే ఉంది, ఛాయ టాబ్లెట్. లక్నోలోని సీడీఆర్ఐ వాళ్లు తయారుచేసిన మందు, సహేలీ పేరుతో ఎప్పటినుంచో షాపుల్లో ఉంది, ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఛాయ పేరుతో ఫ్రీగా ఇస్తారు. మొదటి మూడు నెలలు వారానికి రెండు, ఆ తర్వాత వారానికొకటి. ఇందులో ఈస్ట్రోజన్ లేదు, ప్రొజెస్టిన్ కూడా లేదు. కొందరికి పిరియడ్ ఆలస్యంగా వస్తుంది, మొదటి నెలల్లో అది చూసి భయపడతారు, 15 రోజులు దాటి ఆలస్యమైతే ప్రెగ్నెన్సీ టెస్ట్ చేసుకోండి. పీసీఓఎస్ గానీ లివర్ సమస్య గానీ ఉంటే ముందే చెప్పాలి. వారానికోసారి కూడా కష్టమే అనుకుంటే మూడు నెలలకోసారి అంతర ఇంజెక్షన్ ఉంది, కానీ అది ఆపాక గర్భం రావడానికి కొన్ని నెలలు పడుతుంది, త్వరలో పిల్లలు కావాలనుకుంటే వద్దు.

ప్రశ్న: నాకు 36, అమెరికాలో ఎడిసన్‌లో ఉంటా. నెలకోసారి మైగ్రేన్ వస్తుంది, వచ్చే ముందు కళ్ల ముందు మెరుపుల్లాగా వంకరగీతలు తిరుగుతాయి. ప్యాచ్ మొదలుపెట్టి రెండు వారాలైంది. డాక్టర్‌కి తలనొప్పి అని మాత్రమే చెప్పాను.

జవాబు: ఈరోజే తీసేయండి, రేపు డాక్టర్‌కి ఫోన్ చేసి ఆ వంకరగీతల సంగతి ఇక్కడ రాసినట్టే చెప్పండి. దాన్ని ఆరా అంటారు, ఆరా ఉన్న మైగ్రేన్‌కి ఈస్ట్రోజన్ తోడైతే పక్షవాతం వచ్చే రిస్క్ పెరుగుతుంది, అందుకే ప్యాచ్ గానీ రెండు హార్మోన్లున్న పిల్ గానీ ఏ వయసులోనూ ఇవ్వరు. తీసిన క్షణం నుంచి కండోమ్ వాడండి. ఈస్ట్రోజన్ లేని పిల్ ఓపిల్ అని 2024 నుంచి మీ దగ్గర ప్రిస్క్రిప్షన్ లేకుండానే షాపుల్లో దొరుకుతోంది, అది రోజూ ఒకే టైముకి వేసుకోవాలి, మూడు గంటలకు మించి లేటవకూడదు. ఇక పిల్లలు చాలనుకుంటే మీవారితో వాసెక్టమీ, అంటే మగవాళ్లకి చేసే ఆపరేషన్ గురించి మాట్లాడండి, కోత కుట్లు లేని చిన్న పని, అదేరోజు ఇంటికి వచ్చేయొచ్చు.

ప్రశ్న: నేను డాలస్‌లో ప్యాచ్ వాడుతున్నా, ఏ ఇబ్బందీ లేదు. వరలక్ష్మీ వ్రతం సరిగ్గా నా నాలుగో వారంలో పడుతోంది. అమ్మ ఇండియా నుంచి పిరియడ్ వాయిదా వేసే టాబ్లెట్లు పంపిస్తానంటోంది, వేసుకోవచ్చా?

జవాబు: ప్యాచ్ మీద ఆ టాబ్లెట్లు కలిపి వేసుకోవద్దు. వాయిదా వేయడం కంటే ముందుకు జరపడం తేలిక. ఖాళీ వారం ఏడు రోజులకి మించకూడదు కానీ తగ్గించుకోవచ్చు. వ్రతానికి ఇంకా రెండు నెలలుంటే, ఈ నెల ఖాళీ వారంలో మూడో రోజే కొత్త ప్యాచ్ పెట్టేసుకోండి, అక్కడినుంచి మీ మార్చే రోజు అదే అవుతుంది, వచ్చే పిరియడ్ నాలుగైదు రోజులు ముందుకొస్తుంది, చాలకపోతే వచ్చే నెల మళ్లీ ఇంకొంచెం జరపండి. ఖాళీ వారం మొత్తం వదిలేసి వరసగా పెట్టుకుంటూ పోవడం మాత్రం మీ అంతట మీరు చేయకండి, ఈస్ట్రోజన్ ఆగకుండా అందుతూ ఉంటుంది కాబట్టి అది మీ డాక్టర్ చెప్తేనే. క్యాలెండర్ దగ్గర పెట్టుకుని మీ క్లినిక్ నర్సుకి ఒకసారి ఫోన్ చేయండి, తేదీలు ఆవిడే లెక్కకట్టి చెప్తుంది.