ముందు మీ అబ్బాయి పీఎఫ్ పాస్‌బుక్ తెరిపించండి

మీరు అడిగింది ఇది: అబ్బాయి బెంగళూరు కంపెనీకి తిరుపతిలో ఇంటి నుంచే పనిచేస్తున్నాడు, రెండు నెలలుగా జీతం ఆలస్యంగా పడుతోంది, కంపెనీ కష్టాల్లో ఉందంటున్నారు. ఇట్లాంటి చోట పని ఎట్లా ఉంటుంది, ఉండాలా మానేయాలా?

ఉండాలా మానేయాలా అన్నది తర్వాత తేల్చుకుందాం. ముందు ఈ రాత్రికే అబ్బాయి ఫోన్‌లో ఉమంగ్ యాప్ తెరిపించి పీఎఫ్ పాస్‌బుక్ చూడండి. జీతం ఆలస్యమైతే కంపెనీ చేతిలో డబ్బు ఆడటం లేదని మాత్రమే తెలుస్తుంది. పేస్లిప్‌లో పీఎఫ్ కోసినట్టు చూపించి, ఆ సొమ్ము పాస్‌బుక్‌లో పడలేదంటే, మీ వాడి జేబులోంచి తీసిన డబ్బుతో కంపెనీ రోజులు నెడుతోందని అర్థం. కంపెనీ ఏ స్థితిలో ఉందో చెప్పడానికి ఇంతకు మించిన గుర్తు ఇంకొకటి లేదని నా గట్టి నమ్మకం. సీఈఓ పంపే ధైర్యం మెయిళ్లు పక్కన పెట్టండి.

లెక్క ఇట్లా చూడాలి. బేసిక్ జీతం 20,000 అనుకోండి. అబ్బాయి జీతంలో 12 శాతం, అంటే 2,400 కోస్తారు. కంపెనీ తన వంతు ఇంకో 2,400 కట్టాలి. అందులో 1,250 పింఛనుకు, 1,150 పీఎఫ్‌కు పోతాయి. చాలా కంపెనీలు 15,000 మీదే లెక్క కడతాయి. అప్పుడు అబ్బాయి వాటా 1,800, కంపెనీ వాటాలో పింఛనుకు 1,250, పీఎఫ్‌కు 550. ఏ నెల సొమ్మయినా తర్వాతి నెల 15వ తేదీలోపు జమ కావాలి. పాస్‌బుక్‌లో ఎక్కడానికి కొన్ని రోజులు పడుతుంది కాబట్టి 25 దాటాక చూడండి. ఒక నెల ఖాళీగా ఉంటే హెచ్ఆర్‌ను మెయిల్‌లో అడగమనండి. రెండు నెలలు ఖాళీ అయితే పీఎఫ్ సంస్థ అయిన ఈపీఎఫ్ఓ ఫిర్యాదుల పోర్టల్‌లో యూఏఎన్ (పీఎఫ్ ఖాతాదారుడి నంబరు)తో ఫిర్యాదు పెట్టి, పేస్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంటు జతచేయాలి. కోసిన సొమ్ము కట్టకపోవడం చట్టం దృష్టిలో నమ్మకద్రోహం నేరం. ఫిర్యాదు కంపెనీ నమోదైన పీఎఫ్ ఆఫీసుకే వెళ్తుంది. పీఎఫ్ మెంబర్ ఐడీ బీజీబీఎన్‌జీ అని మొదలైతే అది బెంగళూరుది. దానికోసం ఇక్కడి ఆఫీసుల చుట్టూ తిరిగి రోజులు పోగొట్టుకోకండి.

ఇక లోపల పని ఎట్లా ఉంటుందంటారా. ఓటీపీ మెసేజ్‌లు పంపే సంస్థకు ముందుగా డబ్బు కట్టి క్రెడిట్లు కొనుక్కోవాలి. అవి అయిపోతే కస్టమర్‌కు ఓటీపీ రాదు. కస్టమర్ యాప్ పాడైందని తిడతాడు, టీమ్ లీడ్ కోడ్‌లో తప్పు వెతకమంటాడు, పిల్లకాయలు తెల్లవార్లూ లాగ్‌లు (యాప్‌లో ఏం జరిగిందో నమోదయ్యే రికార్డులు) తిరగేస్తారు. తెల్లారాక తెలుస్తుంది, ఎవరో బిల్లు కట్టలేదని. టెస్టింగ్ సర్వర్లు రాత్రిపూట, శని ఆదివారాలు ఆపేస్తే కంగారు పడక్కర్లేదు, బాగున్న కంపెనీలు కూడా పొదుపు కోసం ఆ పని చేస్తాయి. బ్యాకప్‌లు ఆపేస్తే మాత్రం భయపడాలి. ఆఫీసు వాళ్లు మాట్లాడుకునే స్లాక్ యాప్ డబ్బు కట్టే ప్లాన్ నుంచి ఉచిత ప్లాన్‌కు మారితే 90 రోజులకు ముందటి మాటలు కనిపించవు. అప్రైజల్ గురించి మేనేజర్ అక్కడ ఇచ్చిన మాటలు కూడా వాటితోపాటే పోతాయి. ముగ్గురి పని ఒకడి మీద పడుతుంది. వాడు సెలవు పెడితే ఫోన్ మీద ఫోన్.

ఎవరు వెళ్లిపోతున్నారో కూడా చూడండి. సేల్స్ వాళ్లు వెళ్లడం మామూలే. అకౌంట్స్ పెద్ద వెళ్లినా, ఆడిటర్ తప్పుకున్నా అది వేరే సంగతి. బైజూస్‌కు 2023 జూన్‌లో డెలాయిట్ ఆడిటర్‌గా రాజీనామా చేసింది, అదే సమయంలో ముగ్గురు బోర్డు సభ్యులూ తప్పుకున్నారు. 2024 జూలైలో ఆ కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. మధ్యలో ఏడాదికి పైగా టైము ఉంది, చూసుకున్నవాళ్లకు ఆ టైము చాలు. మీ వాడి కంపెనీ చివరి బ్యాలెన్స్ షీట్ ఏ ఏడాదిదో, దాని మీద ఏయే అప్పులున్నాయో కార్పొరేట్ వ్యవహారాల శాఖ సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. రెండేళ్ల పాత బ్యాలెన్స్ షీట్ దగ్గరే ఆగిపోయి ఉంటే అది మంచి లక్షణం కాదు.

పెద్దవాళ్లు వెంటనే సత్యం కంప్యూటర్స్ పేరెత్తుతారు, అది నిలబడింది కదా అని. 2009 జనవరి 7న లెక్కలు తప్పుగా చూపించామని ఒప్పుకుంటూ దాని అధిపతి రామలింగరాజు గారి లేఖ బయటికొచ్చిన కొద్ది రోజులకే కేంద్ర ప్రభుత్వం బోర్డును రద్దు చేసి కొత్త బోర్డును పెట్టింది. ఏప్రిల్‌కల్లా టెక్ మహీంద్రా చేతికి వచ్చింది. దాని వెనక పెద్ద పెద్ద విదేశీ క్లయింట్లు, వేల మంది ఉద్యోగులు ఉన్నారు. అరవై మంది ఉన్న కంపెనీ కోసం ఢిల్లీలో ఎవరూ మీటింగు పెట్టరు. ఆ ఆశతో అబ్బాయిని ఇంకో ఆరు నెలలు ఉంచకండి.

అసలు కష్టం రాజీనామా అడిగే రోజున ఉంటుంది. సాయంత్రం నాలుగింటికి పదిహేను నిమిషాల మీటింగని క్యాలెండర్‌లో పడుతుంది, విషయం రాసి ఉండదు. తెరిస్తే మేనేజరు, హెచ్ఆర్, పేరు తెలియని మూడో మనిషి ఉంటారు. మేనేజరు రెండు మాటలు చెప్పి మౌనంగా ఉంటాడు. హెచ్ఆర్ మెత్తగా మొదలుపెడుతుంది: ‘మీరే రిజైన్ చేయండి, రిలీవింగ్ లెటర్ శుభ్రంగా ఇస్తాం. టెర్మినేషన్ అయితే రేపు బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో మీకే ఇబ్బంది.’ లింకు పంపి, కాల్ ఉండగానే బటన్ నొక్కమంటారు. ఇరవై నాలుగేళ్ల పిల్లవాడు, పక్క గదిలో అమ్మానాన్న ఉన్నారు, గొంతు పెద్దది చేయలేడు, నొక్కేస్తాడు. గంటలో ల్యాప్‌టాప్ లాక్ అయిపోతుంది.

ఆ బటన్ విలువ తెలియాలి. కంపెనీ తీసేస్తే అపాయింట్‌మెంట్ లెటర్‌లో రాసిన నోటీసు జీతం కంపెనీ ఇవ్వాలి. తనంతట తాను మానేస్తే నోటీసు కాలం పిల్లవాడి బాధ్యత అవుతుంది, తిరిగి వాడి దగ్గరే కోయొచ్చు. కాబట్టి కాల్‌లో ఒకటే మాట చెప్పమనండి: ‘ఇదంతా మెయిల్‌లో పెట్టండి, రేపు జవాబిస్తాను.’ కాల్ అయిన వెంటనే ఎవరెవరు ఉన్నారు, ఏం చెప్పారు అని హెచ్ఆర్‌కు తన సొంత మెయిల్ నుంచి రాసి పంపాలి. చివరికి రాజీనామా ఇవ్వాల్సి వచ్చినా ‘కంపెనీ కోరినందువల్ల’ అన్న మాట రాసి, కింద బాకీలన్నీ వేయాలి: ఏ నెల జీతం, నోటీసు జీతం, మిగిలిన సెలవుల డబ్బు, అయిదేళ్లు నిండి ఉంటే గ్రాట్యుటీ. డబ్బు ఖాతాలో పడకముందే ‘బాకీలేమీ లేవు’ అన్న కాగితం మీద సంతకం పెట్టకూడదు. 45 రోజుల్లో సెటిల్ చేస్తామంటారు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం తీసేసినా, మానేసినా రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలి. రాబోయే తేదీ వేసి చెక్కు ఇస్తే తేదీ రాసిపెట్టుకోండి, ఆ తేదీ నుంచి మూడు నెలలే చెల్లుతుంది. బౌన్స్ అయితే బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లో లాయర్ నోటీసు వెళ్లాలి. ఆ గడువు దాటితే చెక్కు కేసు బలం పోతుంది.

ఇవన్నీ నిలబడాలంటే ల్యాప్‌టాప్ లాక్ కాకముందే కాగితాలు చేతిలో ఉండాలి. అపాయింట్‌మెంట్ లెటర్, ఇంక్రిమెంట్ లెటర్లు, మొదటి నెల నుంచి పేస్లిప్పులు, ఫామ్ 16 సొంత మెయిల్‌కు పంపుకోమనండి. కంపెనీ కోడ్, కస్టమర్ల వివరాలు మాత్రం ఒక్క ఫైలు కూడా తీసుకోకూడదు. అది దొరికితే బాకీ అడిగే నోరు మూయించడానికి వాళ్లకు అదే చాలు. ల్యాప్‌టాప్ తిరిగి పంపేటప్పుడు సీరియల్ నంబరు, స్క్రీన్, ఛార్జర్ ఫోటోలు తీసి, విలువ రాసి ఇన్సూర్ చేసిన కొరియర్‌లోనే పంపాలి.

ఇక్కడ ఒక బాధ చెప్పుకోవాలి. మన తిరుపతి, చిత్తూరు పిల్లకాయలు చాలామంది ఒరిజినల్ సర్టిఫికెట్లు కంపెనీకో, కన్సల్టెన్సీకో అప్పగించి, బాండు మీద సంతకం పెట్టి చేరుతున్నారు. ఇంజనీరింగ్‌కు లక్షలు పోసిన తల్లిదండ్రులు ఆ రోజు ఆ కాగితం చదవరు. పెళ్లిళ్లలో ప్యాకేజీ ఎంత అని అడిగే బంధువులు జీతం ఏ తేదీన పడుతుందో అడగరు. పిల్లవాడు నెలల తరబడి బాధ లోపలే దాచుకోవడానికి ఈ పరువే కారణం.

కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళితే ప్రకటన పేపర్లో వస్తుంది, కానీ బెంగళూరు ఎడిషన్‌లో వచ్చేది తిరుపతిలో మీకు కనబడదు. దివాలా బోర్డు సైట్‌లో పబ్లిక్ అనౌన్స్‌మెంట్ల పేజీ వారానికోసారి చూడమనండి. దివాలా ప్రక్రియ నడిపే పరిష్కార నిపుణుణ్ణి నియమించిన 14 రోజుల్లో ఉద్యోగుల బాకీల ఫారమైన ఫామ్ డి నింపి పేస్లిప్పులతో క్లెయిమ్ పంపాలి. ఆలస్యమైతే 90 రోజుల వరకు ఒక దారి ఉంది. బ్యాంకుల అప్పుల ముందు ఉద్యోగుల జీతాలకు వచ్చే వంతు తక్కువే, అయినా క్లెయిమ్ వేయనివాళ్ల పేరు అసలు లెక్కలోకే రాదు.

మీ ప్రశ్నకు జవాబు: పీఎఫ్ సక్రమంగా పడుతుంటే ఉంటూనే వెతకొచ్చు. రెండు నెలలు పడకపోతే జీతం కాస్త తగ్గినా వచ్చిన మొదటి మంచి ఉద్యోగంలో చేరిపోవాలి. పాత కంపెనీ పీఎఫ్ రికార్డులో ఎగ్జిట్ తేదీ (మానేసిన తేదీ) వేయకపోతే, చివరి జమ నెల తర్వాత రెండు నెలలకు అబ్బాయే ఆధార్ ఓటీపీతో వేసుకోవచ్చు. ఒకసారి వేశాక మార్చడం కష్టం, తేదీ సరిచూసుకోమనండి.

ఇక మీ విషయం. అబ్బాయి కంపెనీ గ్రూపు ఇన్సూరెన్స్‌లో మీ దంపతుల పేర్లు ఉంటే, అతని ఆఖరి పనిరోజుతో ఆ కవర్ ముగుస్తుంది. కంపెనీ ప్రీమియం కట్టకపోతే అంతకు ముందే ఆగిపోవచ్చు, ఆ సంగతి ఆసుపత్రి కౌంటర్ దగ్గర తెలుస్తుంది. రేపే ఇన్సూరెన్స్ కార్డు మీద ఉన్న నంబరుకు ఫోన్ చేసి పాలసీ నడుస్తోందా అని అడగండి. అబ్బాయి మానేయకముందే అదే ఇన్సూరెన్స్ కంపెనీలో వ్యక్తిగత పాలసీకి మారడానికి దరఖాస్తు పెట్టండి. అట్లా మారితే షుగర్, బీపీ లాంటి పాత జబ్బులకు ఉండే మూడేళ్ల వరకు వేచి ఉండాల్సిన గడువులో గ్రూపు పాలసీలో గడిచిన కాలం కలుస్తుంది.