మనోళ్లు గోడ దూకితే అభివృద్ధా?

ప్రశ్న: ఎమ్మెల్యే మా బావ పార్టీలోకి దూకితే 'నియోజకవర్గ అభివృద్ధి', అక్కడి నుంచి బయటికి దూకితే 'వెన్నుపోటు'. ఇదేంటి బావా అంటే, 'నీతి ఎవరి దృష్టిలో వాళ్లదిరా' అంటాడు. నిజమేనా సార్?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: నీతి ఎవరికి వారిదేనని మీ బావగారు నిజంగా నమ్మితే అవతలి పార్టీవాళ్లనీ తిట్టకూడదు కదా, వాళ్ల నీతి వాళ్లకుంటుంది! ఆయన తిడుతున్నారంటే తప్పొప్పుల మీద గట్టి నమ్మకమే ఉంది, కాకపోతే కండువా రంగు చూసి తూకం మారుస్తున్నారు, అంతే.

ఇందులో ఏ పార్టీకీ మినహాయింపు లేదు లెండి. 2014 తర్వాత ఆంధ్రాలో 23 మంది వైకాపా ఎమ్మెల్యేలు తెదేపాలోకి వెళ్లారు, 2017లో నలుగురు మంత్రులు కూడా అయ్యారు. తెలంగాణలో 2019లో 12 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు తెరాసలో 'విలీనం' అయ్యారు, 2023 ఎన్నికల తర్వాత గులాబీ ఎమ్మెల్యేలే అటు కాంగ్రెస్ వైపు నడిచారు, నిన్న చప్పట్లు కొట్టినవాళ్లే ఇవాళ ప్రజాస్వామ్యం ఖూనీ అని గొంతు చించుకున్నారు. 1985లోనే ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చినా, వేటు వేయాల్సింది స్పీకరే, ఆయనేమో సాధారణంగా అధికార పార్టీ మనిషి. గడువు లేదు కాబట్టి ఫైలు అలా పడుంటుంది. చివరికి 2025 జులైలో సుప్రీంకోర్టే తెలంగాణ స్పీకర్‌కి మూడు నెలల్లో తేల్చమని చెప్పాల్సొచ్చింది.

ఈసారి పేర్లు, పార్టీలు చెప్పకుండా అడగండి: 'ఒకాయన ఒక గుర్తు మీద గెలిచి, రాజీనామా చేయకుండా ఇంకో కండువా కప్పుకున్నాడు, ఏమంటావు బావా?' ముందు 'ఏ పార్టీ?' అంటారు చూడండి, చెప్పకండి.