గాలివాటం అని రాసే ముందు

బెంగళూరు

అమ్మాయీ,

నువ్వు పంపిన వ్యాసం తీరిగ్గా చదివాను. "మాస్టారూ, మొహమాటం లేకుండా చెప్పండి" అన్నావు కనుక చెబుతున్నాను. వాక్యం నీ చేతిలో ఉంది, ఎక్కడ ఆపాలో నీకు తెలుసు. చిక్కంతా వేరే చోట ఉంది. "ఫుట్‌బాల్ అభిమానులు గాలివాటం మనుషులు" అని మొదటి వాక్యంలోనే తీర్పు చెప్పేశావు. ఆ తర్వాత కప్పు మ్యాచ్‌లు, డైవ్‌లు (ఫౌల్ అయినట్టు నటించి పడిపోవడాలు), క్లబ్బు వదిలి వెళ్ళిన ఆటగాళ్ళు అంటూ మూడు అంశాలు తీసుకుని, మూడింటిలోనూ ఆ తీర్పుకే సాక్ష్యాలు పేర్చావు. చదివేవాడికి చేయడానికి పనేమీ మిగల్చలేదు.

వాళ్ళు మాట మారుస్తారన్నది నిజమే. కంఠీరవ స్టేడియంలో బెంగళూరు ఎఫ్‌సీ అభిమానులు కూర్చునే వెస్ట్ బ్లాక్ వైపు ఒక సీజన్ కూర్చున్న ఎవరికైనా తెలిసిన సంగతే అది. అందరికీ తెలిసిన దాన్ని తిట్టుగా మార్చి రాస్తే నీకు వచ్చే లాభం ఏమిటి? ఆ మాట ఏ రోజు, ఏ నిమిషంలో, ఎవరి కోసం మారిందో చూపించు. నీ వ్యాసంలో ఒక్క తేదీ లేదు. కావలసిన తేదీలు ఈ ఊళ్ళోనే ఉన్నాయి.

2023 మార్చి 3 తీసుకో. కంఠీరవలో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) నాకౌట్ మ్యాచ్, బెంగళూరుకూ కేరళ బ్లాస్టర్స్‌కూ మధ్య. తొంభై నిమిషాలూ గోల్ లేదు. అదనపు సమయం మొదలైన కాసేపటికే బెంగళూరుకు ఫ్రీకిక్ వచ్చింది. కేరళ వాళ్ళు బంతికి అడ్డుగా ఇంకా గోడలా వరుస కట్టుకుంటున్నారు, గోల్‌కీపర్ తన చోటికి చేరలేదు. సునీల్ ఛేత్రి బంతిని నెమ్మదిగా ఎత్తి వలలో వేశాడు. రిఫరీ గోల్ ఇచ్చాడు. విజిల్ అక్కర్లేదని రిఫరీతో ముందే చెప్పానని ఛేత్రి తర్వాత అన్నాడు. కేరళ కోచ్ ఇవాన్ వుకొమనోవిచ్ మాత్రం తన జట్టును మైదానం నుంచి బయటకు పిలిచేశాడు. వాళ్ళు తిరిగి రాలేదు. ఆ క్లబ్బుకు 4 కోట్ల రూపాయల జరిమానా, కోచ్‌కు 10 మ్యాచ్‌ల నిషేధం పడ్డాయి. ఆ రాత్రి బెంగళూరు అభిమాని నోట ఒకటే మాట: నిబంధన నిబంధనే, కళ్ళు తెరుచుకుని ఆడాలి.

ఇప్పుడు దాని పక్కనే మార్చి 18 పెట్టు. గోవా ఫతోర్దాలో ఫైనల్, కోల్‌కతా మోహన్ బగాన్‌తో. బెంగళూరు 2-1తో ముందుంది. 85వ నిమిషంలో మోహన్ బగాన్‌కు పెనాల్టీ. బెంగళూరు ఆటగాడు పాబ్లో పెరెజ్ అడ్డుపడితే వాళ్ళ కియాన్ నస్సీరి పడిపోయాడు. కాలు తగిలింది పెనాల్టీ గీత బయట అని బెంగళూరు వాళ్ళు ఈ రోజుకీ అంటారు. తగలకుండానే పడ్డాడనే వాళ్ళు కూడా ఉన్నారు. వీడియో చూసి నిర్ణయం మార్చే ఏర్పాటు అప్పటికి లీగ్‌లో లేదు. పెత్రాతోస్ గోల్ కొట్టాడు, స్కోరు 2-2 అయింది, చివరకు షూటౌట్‌లో కప్పు చేజారింది. ఆ షూటౌట్‌లో బంతిని గోల్ మీదుగా బయటకు కొట్టినవాడు మళ్ళీ పాబ్లో పెరెజే! పదిహేను రోజుల కిందట నిబంధన నిబంధనే అన్న మనిషి ఆ రాత్రి, రిఫరీ ఒక్కడి మీద ఆటను వదిలేస్తే ఎలా అని అడిగాడు.

ఇక్కడ ఆగిపోతే నీ మొదటి వాక్యమే గెలుస్తుంది. ఒక్క అడుగు ముందుకు వెయ్యి. అప్పటికి ఛేత్రికి 38 ఏళ్ళు. ఇంకెన్ని కప్పులు ఎత్తగలడో ఎవరికీ తెలియదు. మార్చి 3న గంతులు వేసిన అభిమానికీ మార్చి 18న తల పట్టుకున్న అభిమానికీ ఉన్న భయం అదే. నిబంధనల గురించి అతను మాట మార్చాడు, ఆ భయం మాత్రం మారలేదు. నువ్వు రాయవలసింది ఆ భయం గురించి. అభిమాని పైకి ఏ వాదన చేసినా దాని అడుగున ఇలాంటిది ఒకటి ఉంటుంది. అది దొరికేదాకా కలం పట్టకు.

కప్పుల గురించి నువ్వు రాసిన భాగం బాగానే ఉంది కానీ పలచగా ఉంది. కప్పు గొప్పదా, లీగ్ పట్టికలో పైస్థానం గొప్పదా అనే వాదన మన దేశంలో మహా ముచ్చటగా సాగుతుంది, ఎందుకంటే ఇక్కడ పట్టికలో పైన నిలిచినవాడు ఛాంపియన్ కాకపోవచ్చు. 2017-18లో బెంగళూరు పట్టికలో అందరికంటే పైన, రెండో స్థానంలో ఉన్న చెన్నైయిన్ కన్నా 8 పాయింట్లు ఎక్కువతో ఉంది. 2018 మార్చి 17న ఫైనల్లో, సొంత మైదానంలో, అదే చెన్నైయిన్ చేతిలో 3-2తో ఓడింది. మాయిల్సన్ ఆల్వెస్ రెండు కార్నర్ల నుంచి తలతో రెండు గోల్స్ కొట్టాడు. ఏడాది పొడవునా ఆడిందీ మేమే, పైన ఉన్నదీ మేమే అన్నారు ఇక్కడివాళ్ళు. మరి 2022-23లో? పట్టికలో పైన నిలిచినవాళ్ళకు ఇచ్చే లీగ్ షీల్డ్ ముంబయికి వెళ్ళింది, బెంగళూరుది నాలుగో స్థానం. అప్పుడు నాకౌట్ మ్యాచ్‌లే అసలైన ఫుట్‌బాల్ అయ్యాయి. ఈ రెండు సంవత్సరాలనూ ఎదురెదురుగా కూర్చోబెట్టు, నువ్వు వ్యాఖ్యానం చేయాల్సిన పని ఉండదు. చెన్నైలో తెలుగు మిత్రులు ఉంటే వాళ్ళను కూడా అడుగు. 2018 సంగతి వాళ్ళు చెప్పే పద్ధతి వేరుగా ఉంటుంది, సంతోషం కొంచెం ఎక్కువగానే ఉంటుంది.

డ్యూరాండ్ కప్పు గురించి ఒక్క ముక్క. 1888 నుంచీ ఉన్న టోర్నీ అని రాసి వదిలేశావు. ఆ సంఖ్య ఎక్కడైనా దొరుకుతుంది. 2022 సెప్టెంబరులో కోల్‌కతాలో బెంగళూరు ఆ కప్పు గెలిచినప్పుడు, బహుమతి ప్రదానంలో ఫొటోకు కనిపించాలని వేదిక మీది ప్రముఖుడొకరు ఛేత్రిని చేత్తో పక్కకు జరిపిన వీడియో దేశమంతా తిరిగింది. ఫైనల్లో స్కోరు ఎంతో మరిచిపోయిన అభిమానులు కూడా ఆ చేతిని మరిచిపోలేదు. 1888 కన్నా ఆ చేయి నీ వ్యాసానికి ఎక్కువ ఉపయోగం.

డైవ్‌ల భాగంలో నువ్వు నీతి చెప్పావు. మోసం తప్పని ఎవరికి తెలియదు? ఆట నియమాల్లో పన్నెండోది దాన్ని తేల్చేసింది: ఫౌల్ జరిగినట్టు నటించి రిఫరీని మోసగించబోతే పసుపు కార్డు. అయితే పడిన ప్రతివాడూ నటించినట్టు కాదు. ఎదుటివాడి కాలు తగలకుండా తప్పించుకోవడానికి ఎగిరి పడేవాడూ ఉంటాడు. వాడికి ఫౌలూ ఇవ్వక్కర్లేదు, కార్డూ చూపించక్కర్లేదు. ఈ మూడో రకం నీ వ్యాసంలో లేదు, స్టేడియంలో ఎవరి వాదనలోనూ ఉండదు. ఎందుకు ఉండదో చెప్పాలంటే కంఠీరవలో కూర్చుని చూడాలి. అది పరుగు పందాల కోసం కట్టిన స్టేడియం. మైదానానికీ జనానికీ మధ్య ట్రాక్ ఉంది. అవతలి గోల్ దగ్గర ఎవడైనా పడితే నీకు కనిపించేది పైకి లేచిన రెండు చేతులు, పరుగెత్తుకొచ్చే రిఫరీ. కాలికి కాలు తగిలిందో లేదో దేవుడికే తెలియాలి. అయినా నీ వరుసలో అందరూ అప్పటికే లేచి నిలబడి ఉంటారు, తీర్పు అయిపోయి ఉంటుంది. ఆ తర్వాత ఒకడు ఫోను తీస్తాడు. ప్రసారం ఆలస్యంగా వస్తుంది కదా, ఆ కాసేపూ నలుగురు తలలు వంచి ఆ చిన్న తెరలోకి చూస్తారు. తమకు అనుకూలంగా ఉంటే ఫోను వరుసంతా తిరుగుతుంది, లేకపోతే జేబులోకి వెళ్ళిపోతుంది. ఆ జేబులోకి వెళ్ళే ఫోను ఒక్కటి రాస్తే చాలు, నీ నీతి పేరా మొత్తం కొట్టేయవచ్చు.

2002 ప్రపంచ కప్పులో బ్రెజిల్ ఆటగాడు రివాల్డో చేసింది నువ్వు ఉదహరించావు. టర్కీ ఆటగాడు తన్నిన బంతి కాలికి తగిలితే ముఖం పట్టుకుని పడిపోయాడు, ఎదుటివాడికి రెడ్ కార్డు, తర్వాత రివాల్డోకు జరిమానా. అంతవరకూ సరే. ఆ కప్పు బ్రెజిల్ గెలిచిందని కూడా చెప్పు. హలసూరు పక్కన గౌతమపురలో పేలే విగ్రహం ఉంది, వెళ్ళి ఆ చుట్టుపక్కల రివాల్డో పేరు ఎత్తి చూడు. ఏం వింటావో నేను ముందే చెప్పను.

ఇక వెళ్ళిపోయిన ఆటగాళ్ళు. నీ వ్యాసంలో అన్నిటికంటే చిన్న భాగం ఇదే. నా లెక్కలో సగం వ్యాసం దీనిదే కావాలి. "డబ్బు కోసం వెళ్ళినవాణ్ణి అభిమానులు ద్రోహి అంటారు" అని రెండు ముక్కల్లో తేల్చావు. అంత తేలిక కాదు. సందేశ్ ఝింగన్ కేరళ వదిలినప్పుడు, 2020లో, ఆ క్లబ్బు అతని 21 నంబరు చొక్కాను ఇక ఎవరికీ ఇవ్వమంది. వెళ్ళడం తప్పనలేదు ఎవరూ. 2022లో ఒక మ్యాచ్ తర్వాత అతను నోరు జారాక, ఆ నంబరును తిరిగి వాడుకలోకి తెమ్మని అడిగింది అభిమానులే. వాళ్ళ బాధ వెళ్ళినందుకు కాదు, వెళ్ళాక చులకన చేసినందుకు. రాయ్ కృష్ణను చూడు. కోల్‌కతాలో గోల్స్ కురిపించి, 2022లో బెంగళూరు వచ్చాడు. పైన చెప్పిన గోవా ఫైనల్లో పాత క్లబ్బు మీద ఆడుతూ చేతికి బంతి తగిలించుకుని మొదటి పెనాల్టీ వాళ్ళకు ఇచ్చాడు, తను ఫౌల్‌కు గురై మనకొక పెనాల్టీ తెచ్చాడు, 78వ నిమిషంలో గోల్ కూడా కొట్టాడు. ఒక్క ఆటలో ఒక్క మనిషి రెండు ఊళ్ళ చేతా తిట్లూ దీవెనలూ తిన్నాడు. ఇంత సరుకు పెట్టుకుని ద్రోహి అనే ఒక్క మాటతో సరిపెట్టుకున్నావా?

అన్నిటికన్నా నన్ను కలచివేసింది నువ్వు వదిలేసిన సంగతి. నువ్వు హైదరాబాద్ అమ్మాయివి. 2022 మార్చిలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఛాంపియన్ అయింది. షూటౌట్‌లో లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు. రెండేళ్ళు తిరక్కుండానే జీతాలు అందక ఆటగాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వెళ్ళిపోయారు. నిఖిల్ పూజారి, చింగ్లెన్‌సానా సింగ్ 2024 జనవరిలో బెంగళూరుకే వచ్చారు. 2025లో క్లబ్బే ఢిల్లీకి తరలిపోయింది, పేరు కూడా మారింది. గచ్చిబౌలిలో పసుపు చొక్కా వేసుకున్న కుర్రాడు ఇప్పుడు మారతహళ్ళిలో అద్దెకుంటూ, కబ్బన్ పార్క్ మెట్రోలో దిగి, నీలం చొక్కాలో పూజారిని చూస్తాడు. అతను ఎవరిని ద్రోహి అనాలి? ఆటగాడు పోతే తిట్టుకోవడానికి ఒక ముఖమైనా ఉంటుంది. క్లబ్బే పోతే? ఇది తెలుగువాళ్ళు తప్ప ఇంకెవరూ రాయలేని పేరా, నువ్వు దాన్ని గాలికి వదిలేశావు.

పాతకాలంలోనూ ఇంతే. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆ కప్పు ఇప్పుడు లేదు. సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరామ్ కోల్‌కతా క్లబ్బు ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళి, అక్కడి మనిషే అయిపోయాడు. 2023 ఫిబ్రవరిలో కన్నుమూశాడు. ఇదంతా వ్యాసంలో కుక్కమని కాదు. ఒక్క వాక్యం చాలు. వలస మనకు కొత్త కాదని తెలిసిన రచయిత రాసినట్టు ఉంటుంది.

మాటల దగ్గర కూడా ఒక ఇబ్బంది ఉంది. నీ అభిమానులందరూ ఒకే గొంతుతో మాట్లాడుతున్నారు, అదీ పత్రికా భాషలో. బెంగళూరులో పుట్టి పెరిగిన తెలుగు ముసలాయన, ఈ ఊరు వచ్చి రెండేళ్ళయిన ఇంజనీరు, వాళ్ళ పక్కన కూర్చున్న మలయాళీ అమ్మాయి ఒకేలా కోప్పడరు. ముసలాయన తిట్టులో ఆటగాడి తండ్రి పేరు కూడా వస్తుంది. పేరు తీసి రాసినా పరవాలేదు, ఆ వయసు మాత్రం వినిపించాలి.

మొదటి వాక్యం కొట్టేసి, 2018, 2023 తేదీలతో మొదలుపెట్టు. డైవ్‌ల భాగం సగానికి తగ్గించు. హైదరాబాద్ భాగం నువ్వే కూర్చుని కొత్తగా రాయి, నా వాక్యాలు వాడకు. ఈసారి కంఠీరవలో మ్యాచ్ ఉన్నప్పుడు వెస్ట్ బ్లాక్‌లో కాకుండా, అవతలి జట్టు వాళ్ళు కూర్చునే వైపు టికెట్టు కొనుక్కో. నీలం చొక్కా ఇంట్లో వదిలి వెళ్ళు. రెండో ప్రతి వచ్చాక మళ్ళీ మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
నీ మాస్టారు